కుడికి వంగిన ముద్ర

పది గంటల నలభై నిమిషాలకు నెజు మొరిహికో ఆరోసారి క్షమాపణ చెప్పుకున్నాడు.

"నా మూలంగా ఇంతమందికి ఇబ్బంది. మన్నించండి." కుర్చీలోంచి లేచి, చేతులు రెండూ తొడలకు ఆనించి, నడుము దగ్గర మడత పెట్టినట్టు వంగాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషి. పలచబడిన నడినెత్తి తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"విన్నారుగా," అన్నాడు గోడకానుకుని నిలబడిన కుజె. "తొమ్మిదింటి నుంచి ఇదే వరస. నేను రాసుకున్నాను. తొమ్మిదీ నాలుగు, తొమ్మిదీ పదిహేడు, తొమ్మిదీ ముప్పై... మొత్తం ఆరుసార్లు ఒప్పుకున్నాడు. ఇంకా ఏం కావాలండీ మీకు?"

"ఒప్పుకోలేదు, మన్నించమన్నారు," అంది ఉబుకత సుమియె. "మన్నించమనడం నేరం ఒప్పుకోవడమైతే ఈ దేశంలో జైళ్లు చాలవు కుజె గారూ. ఇందాక గుమ్మంలో నా కాలు తొక్కి మీరు రెండుసార్లు ఒప్పుకున్నారు. అది కూడా రాసుకున్నారా?"

కుజె రాసుకోలేదు. నౌకాదళ పోలీసు అధికారి కుజెకి నలభై మూడేళ్లు. అతని చొక్కా మడతలు కాగితం కోసేంత పదునుగా ఉంటాయి. రక్షణ శాఖ కొనుగోళ్లలో జరిగే అవకతవకల మీద టోక్యో నుంచి విచారణకు వచ్చే ఈ యాభై రెండేళ్ల ఆవిడంటే అతనికి సరిపడదు. రెండేళ్ల కిందట అతను అరెస్టు చేసిన మనిషిని ఆవిడ మర్నాడు మధ్యాహ్నానికల్లా బయటికి పంపించేసింది. ఆ సంగతి తొమొసె నౌకా స్థావరంలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు, అతను దగ్గర్లో లేనప్పుడు.

బల్ల మీద పన్నెండు కాగితాలున్నాయి. పన్నెండు వాల్వుల పరీక్షా పత్రాలు. మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకు, రేవులో ఉన్న యుద్ధనౌక హరునగిలో ఆ పన్నెండింటిలో ఒకటి పగిలి, దగ్గర నిలబడిన మెకానిక్ మణికట్టు విరిగింది. పక్క ఓడలో మంటలు లేస్తే నీళ్లు కొట్టడానికి వాడే పెద్ద గొట్టాల వరసలోవి ఆ వాల్వులు. తొమ్మిది బార్ల ఒత్తిడికే వాల్వు నిలువునా చీలింది. కాగితం మాత్రం, మార్చి ఇరవై ఏడున పదిహేను బార్ల దగ్గర పది నిమిషాలు నిలిపి చూశాం, చుక్క కారలేదు అంటోంది. కింద, సంతకాలకు బదులు, రెండు ఎర్రటి ముద్రలు. కుడి గడిలో పరీక్షించిన ఉద్యోగి సెరిజవది. ఎడమ గడిలో అప్పటి తనిఖీ విభాగం అధిపతి నెజుది. పరీక్ష నెజే చూసుకున్నాడని, ఆయన మాట మీద తను ముద్ర వేశానని సెరిజవ పొద్దునే చెప్పాడు. నెజు మార్చి ముప్పై ఒకటిన రిటైరయ్యాడు. మర్నాడే, అదే గదిలో, తన కింద పదకొండేళ్లు పనిచేసిన సెరిజవ కింద కాంట్రాక్టు మీద చేరాడు. అలా చేరే వాళ్లు ఏ ఆఫీసులో చూసినా ఉంటారు.

హరునగి ఇవాళ సాయంత్రం నాలుగింటికి బయల్దేరాలి. ఏడెన్ సింధుశాఖలో అయిదు నెలలుగా వ్యాపార ఓడలకు కాపలా కాస్తున్న అకినగి అనే నౌకని విడిపించి, ఆ పని తను అందుకోవాలి. రెండింటిలోగా ఉబుకత ఒక్క మాట రాసివ్వాలి, వెళ్లొచ్చా, వెళ్లకూడదా అని. పరీక్ష నిజంగా జరిగిందని తేలితే పగిలింది ఒక్కటే చెడ్డది, మిగతా పదకొండూ మంచివి. జరగలేదని తేలితే పన్నెండూ పనికిరావు.

"నెజు గారూ, ఆ ముద్ర మీదేనా?"

"నాదేనండి. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది చూడండి. ఇరవై ఏళ్లయింది అది ఊడి."

"మార్చి ఇరవై ఏడున మీ కళ్లతో పరీక్ష చూశారా?"

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. మనుషులు నోటిని కాపలా కాసుకుంటారు, ముఖాన్నీ కాపలా కాసుకుంటారు. చేతుల్ని ఎవరూ పట్టించుకోరు. పందొమ్మిదేళ్లుగా ఒంటరిగా ఉంటున్న ఉబుకత, ఇంట్లో చూడ్డానికి ఇంకో ముఖం లేకో ఏమో, రైళ్లలోనూ హోటళ్లలోనూ మనుషుల చేతులు చూడ్డం అలవాటు చేసుకుంది. నెజు చేతులు అబద్ధం చెప్పేవాడి చేతుల్లా లేవు. ఎడమ చెయ్యి కుడిచేతి వేళ్లని ఒక్కొక్కటే తడుముతోంది, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు.

"గుర్తులేదండి," అన్నాడు చివరికి. "అదే నా భయం. ముద్ర నాది. కాగితం నా విభాగంది. ఆ పూట మాత్రం నాకు ఎంత వెతికినా దొరకడం లేదు. మా అమ్మకి ఇలాగే మొదలైంది. అరవై రెండో ఏట. మొదట పొయ్యి మీద కెటిల్ మర్చిపోయేది. తర్వాత నన్ను..." ఆగి, మళ్లీ లేవబోయాడు. "మన్నించండి."

"ఏడు," అన్నాడు కుజె. కానీ ఈసారి పెన్ను తీయలేదు.

ఉబుకత తన నోటుపుస్తకం ముందుకు తోసింది. "ఇక్కడొక ముద్ర వేస్తారా? ఊరికే."

నెజు జేబులోంచి చిన్న తోలు సంచీ తీశాడు. ముద్రకి ఎర్రసిరా అద్ది, ఊపిరి బిగబట్టి వేశాడు. నిట్టనిలువుగా, గీత గీసినట్టు పడింది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. పొద్దున్నుంచి ఆ పన్నెండు కాగితాల్లో ఏదో ఆమె కంటికి నలుసులా తగులుతోంది. ఏమిటో తెలియడం లేదు.

"పదండి కుజె గారూ, ఓడ దిగువ గదులు చూద్దాం. చొక్కా జాగ్రత్త."

*

పదకొండు ఇరవై అయిదుకి ఇద్దరూ నిచ్చెన మీంచి హరునగి పంపుగదిలోకి దిగారు. కుజె దిగడం చూస్తే ఏదో పురస్కారం అందుకోవడానికి వేదిక మీదికి వెళ్తున్నట్టుంది. చివరి మెట్టు దగ్గర మోచేతికి నల్లటి మరక అంటింది. ఉబుకత చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

గోడ వెంట పదకొండు వాల్వులు, ఒక ఖాళీ.

"వీటిని బిగించింది ఎప్పుడు?" అని అడిగింది అక్కడి మెకానిక్‌ని.

"సెప్టెంబరు మరమ్మతుల్లోనండి. మంగళవారమే మొదటిసారి నీళ్లు వదిలాం. మూడోది పగిలింది కదా, దాని అవతలికి నీళ్లు పోలేదు."

"అయితే చిట్టచివరిది ఇంకా పొడిగానే ఉండాలి. ఊడదీసి చూపిస్తారా?"

"ఎందుకండీ?" అన్నాడు కుజె.

"వాల్వుని పదిహేను బార్ల దగ్గర పరీక్షిస్తే నిండా నీళ్లు పట్టాలి కదా. లోపల ఆ గుర్తు ఉంటుంది."

ఎనిమిది బోల్టులు. పదకొండు నిమిషాలు పట్టింది. ఉబుకత టార్చి వేసి లోపలికి చూసింది, తర్వాత టార్చి కుజె చేతికిచ్చింది. లోపల ఫ్యాక్టరీలో పూసిన గోధుమరంగు గ్రీజు, కొత్త డబ్బాలో వెన్నలా నున్నగా మెరుస్తోంది. మధ్యలో ఒక బొటనవేలి గుర్తు. ఫ్యాక్టరీలో ఎవరో గ్రీజు సర్దుతూ నొక్కిన వేలు, గీతలతో సహా అలాగే ఉంది.

"నీళ్లు తగిలి ఉంటే ఈ గ్రీజు తెల్లబారి పోయేది," అన్నాడు మెకానిక్. "దీన్ని ఎవరూ పరీక్షించలేదండి. ఒట్టు."

కుజె నిటారుగా నిలబడ్డాడు. మోచేతి మరక సంగతి మర్చిపోయాడు. "పదకొండూ నలభై రెండు," అని గట్టిగా చదువుతూ రాసుకున్నాడు. "పరీక్ష జరగలేదు. పత్రం మీద నెజు ముద్ర ఉంది. ధన్యవాదాలు ఉబుకత గారూ. నా కేసు మీరే నిలబెట్టారు. భోజనం కాగానే అతన్ని తీసుకెళ్తాను."

"పరీక్ష జరగలేదన్నది మాత్రమే తేలింది."

"ముద్ర దానంతటదే నడిచొచ్చి కూర్చుందా?"

"ఆ మాటే నేనూ అడగాలనుకుంటున్నాను. రెండు గంటలు టైమివ్వండి."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే రెండేళ్ల కిందటి కథకి రెండో భాగం తయారవుతుంది. స్థావరంలో అందరూ అడుగుతున్నారట, తర్వాత ఏమైందని."

కుజె చెవులు ఎర్రబడ్డాయి. "ఒకటిన్నర దాకా," అన్నాడు. "ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వను."

*

శుక్రవారం కాబట్టి ఓడలో భోజనం కూరా అన్నం. సముద్రంలో రోజులన్నీ ఒకేలా ఉంటాయని, వారం తిరిగిందని నాలుక్కి తెలియడానికి నౌకాదళంలో ప్రతి ఓడా శుక్రవారం అదే వండుతుంది. ఒక ఓడ కూర ఇంకో ఓడ కూరకన్నా బాగుంటుందని అంటే మాత్రం తగవులవుతాయి. ఉబుకత రెండోసారి వడ్డించమంది. కుజె ఎదురుగా కూర్చుని అన్నానికీ కూరకీ మధ్య సరిహద్దు గీసి తింటున్నాడు.

కెప్టెన్ ఇసాహయ ఆమె పక్కన కూర్చున్నాడు. "అకినగి వాళ్ల కూర బాగుంటుందంటారు," అన్నాడు. "ఒట్టి పుకారు. కూర మీద ఆ చీజ్ వేసుకున్నారు కదా, అది ఏ దారిన వచ్చిందో తెలుసా? మేం వెళ్లే దారినే. ఇక్కడ చేసిన కార్లు అటు పోతాయి, అక్కడి మందులూ మరలూ ఇటొస్తాయి. ఆ ఇరుకులో పదకొండు వ్యాపార ఓడలు అకినగి వెనక వరసగా నడుస్తున్నాయి. నేను వెళ్లకపోతే అకినగి ఇంకో మూడు వారాలు అక్కడే ఉండాలి. అయిదు నెలలయింది వాళ్లు ఇళ్లు చూసి."

"ఈ వాల్వులు మార్చి వెళ్లలేరా?"

కెప్టెన్ నవ్వాడు. అందులో సరదా కొంచెమే ఉంది. "చేసేది ఒకే కంపెనీ. తక్కువ ధర చెప్పింది వాళ్లే, మిగతావాళ్లు ఆ పనే మానేశారు. ఇప్పుడు ఆర్డరిస్తే పద్నాలుగు నెలలు. క్షిపణి అయితే ఇంకాస్త తొందరగా వస్తుంది. నాకు ఇష్టంలేని జవాబైనా ఫరవాలేదు, ఉబుకత గారూ. తప్పు జవాబు వద్దు. ఓడలో రెండొందల మంది ఉన్నారు."

అప్పుడు ఆయన తన పక్కన కూర్చున్న యువ అధికారి వేపు తిరిగి ఏదో చెప్పాడు. ఆ అధికారి కూర్చున్న చోటే ఎడమకి ఒరిగి, "చిత్తం" అని తల వంచాడు. మర్యాద అలవాటైన మెడ. అది తనకి తెలియకుండానే పెద్దవాడు ఉన్న వేపే వంగుతుంది.

ఉబుకత చెంచా నోటి దగ్గర ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు కుజె. "కారమా?"

"కాదు." ఆమె చెంచా కింద పెట్టింది. నలుసు ఎక్కడుందో దొరికింది. "మీరు మీ పై అధికారికి కాగితం పంపేటప్పుడు, మీ ముద్ర ఎలా వేస్తారు?"

"ఎలా వేయడమేమిటి? అందరిలాగే. కాస్త ఎడమకి ఒరిగించి. ఆయన గడి ఎడమవేపు ఉంటుంది కదా, నా ముద్ర ఆయనకి వంగి నమస్కరించినట్టు ఉండాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పుతారు. మీరు వేయరా?"

"మా విభాగంలో నా పైవాడు నిద్రపోతుంటాడు, ఎలా వేసినా చూడడు," అంటూ ఆమె లేచింది. "తినేసి రండి. తనిఖీ కార్యాలయం ఫైళ్లు కావాలి నాకు. మార్చిలోవి, ఏప్రిల్ తర్వాతవి."

కుజె సరిహద్దుని వదిలేసి కూరా అన్నం కలిపేశాడు. తొందరగా తినడానికి అంతకన్నా మార్గం లేదు.

*

ఒకటీ పదికి సెరిజవ లోపలికొచ్చాడు. నలభై ఎనిమిదేళ్లు, సన్నటి మనిషి, మెడలో అధిపతి కార్డు. కూర్చునేముందు కుర్చీని బల్లకు సమాంతరంగా సర్దాడు. నెజుని పక్కగదిలో కూర్చోబెట్టారు. మధ్య తలుపు ఓరగా తెరిచే ఉంది. ఉబుకత కావాలనే మూయలేదు.

"నెజు గారి విషయంలో మాకందరికీ బాధగా ఉంది," అన్నాడు సెరిజవ మెత్తగా. "ఈ మధ్య ఆయనకి మతిమరుపు. నేనే సర్దుకుపోతున్నాను."

"ఏం మర్చిపోయారు?"

"ఒకటేమిటి. రిటైరైన రోజున తన ముద్రనే సొరుగులో మర్చిపోయి కొత్త బల్లకి మారారు. ఏప్రిల్ తొమ్మిదిన నాకు కనబడితే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ తొమ్మిది రోజులూ పాపం చేత్తో సంతకం పెట్టుకున్నారు."

"ఆ సొరుగు ఉన్న బల్ల?"

"నాది. అంటే అధిపతిది."

కుజె పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా ఏదో రాసుకుంది.

ఉబుకత మార్చి ఇరవై నాటి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. "ఇది చూడండి. కుడి గడిలో మీ ముద్ర. ఎంత అందంగా ఎడమకి వంగిందో. మార్చి ఫైలంతా తిరగేశాం, ఒక్కటి కూడా నిలువుగా లేదు. మీరు నిజంగా మర్యాదస్తులు."

"అది కనీస ధర్మం."

"ఎడమ గడిలో నెజు గారిది. ఆయన పెద్దవాడు, నిలువుగా వేశారు. ఆయన ఎప్పుడూ నిలువుగానే వేస్తారు. ఏప్రిల్ తర్వాత మీ కింద చేరాక కూడా. ఇవిగో, నూట నలభై కాగితాలు. ఒక్కటి కూడా మీకు వంగలేదు."

సెరిజవ పెదవులు నవ్వుతూనే ఉన్నాయి. బల్ల కింద మోకాళ్ల మీదున్న చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "పాత తరం. చెప్పినా వినరు."

"చెప్పారా?"

"ఒకసారి. సూచనగా."

"ఆయనేమన్నారు?"

జవాబు పక్కగదిలోంచి వచ్చింది. "తల ఎంతైనా వంచుతాను, ముద్ర వంచనన్నాను," అన్నాడు నెజు. "ముద్ర సాక్షి. సాక్షి నిటారుగా నిలబడాలి." ఒక క్షణం ఆగి, "మధ్యలో మాట్లాడాను. మన్నించండి."

"ఎనిమిది," అన్నాడు కుజె. అతని పెదవి చివర కదిలింది, నవ్వో కాదో తెలియకుండా.

ఉబుకత ఆ పన్నెండు పత్రాల్నీ పేకముక్కల్లా పరిచింది. "ఇవి మార్చి ఇరవై ఏడువి. అప్పటికి నెజు గారే అధిపతి, మీరు కింది ఉద్యోగి. కుడి గడి చూడండి సెరిజవ గారూ. మీ ముద్ర."

అతను చూశాడు.

"వారం ముందు అంత వినయంగా వంగిన మనిషి, ఇక్కడ పన్నెండుచోట్లా స్తంభంలా నిలబడ్డాడు. సరే, ఆరోజు తొందరలో ఉన్నారేమో అనుకుందాం. ఇప్పుడు ఎడమ గడి చూడండి. నెజు గారి ముద్ర. పెచ్చు ఊడిన అంచు ఉంది, నిజమైన ముద్రే. ఎటు వంగింది?"

కుజె గోడ వదిలి బల్ల దగ్గరికొచ్చి, మెడ వంచి చూశాడు.

"కుడికి!" అన్నాడు. "కుడికి వంగిన ముద్ర నేను జన్మలో చూడలేదు. ఎవరైనా ఎడమకి కదా..." అతని వేలు కాగితం మీద ఎడమ గడి నుంచి కుడి గడికి జరిగింది. నెజు ముద్ర తల వాల్చిన చోట సెరిజవ ముద్ర నిటారుగా నిలబడి ఉంది. "నమస్కరిస్తోంది. ఇతనికి."

"పన్నెండుసార్లు," అంది ఉబుకత. "ఇరవై ఏళ్లలో ఎవరికీ వంగని ముద్ర. నెజు గారు వేసి ఉంటే నిలువుగా పడేది. ముద్ర దొంగిలించి ఆయనలాగా వేయాలనుకున్న వాడైనా నిలువుగానే వేసేవాడు. ఇలా వేయాలంటే, ఆయన ఒక్కసారైనా తనకి వంగితే చూడాలని ఉండాలి. ఆ కోరిక ఉన్నట్టు తనకి కూడా తెలియకూడదు. తెలిస్తే జాగ్రత్తపడేవాడు."

సెరిజవ ఒక పత్రం చేతికి తీసుకున్నాడు. దాన్ని చాలాసేపు చూశాడు. అతని ముఖంలో భయం కన్నా ముందు ఆశ్చర్యం కనిపించింది, వీధి అద్దంలో హఠాత్తుగా తన వీపు తనకే కనిపించిన మనిషిలా.

"నేను... ఇలా వేశానా?"

"మీ చెయ్యి వేసింది."

అతను కాగితం కింద పెట్టాడు, అంచులు సమాంతరంగా సర్ది. తర్వాత మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి, వరసలో నిలబడి ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టు. వాల్వులు మార్చిలో రావాలి, రాలేదు. లారీ ఏప్రిల్ మూడున మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది. మార్చి ముప్పై ఒకటిలోగా సరుకు అంది, పరీక్ష అయిపోయినట్టు కాగితం లేకపోతే ఆ సంవత్సరం కేటాయింపు రద్దవుతుంది. మళ్లీ మొదటినుంచి అడగాలి, రెండేళ్లు పడుతుంది. అధిపతి కుర్చీలో అతనికది మూడో రోజు. పాత తేదీ వేస్తే పాత అధిపతి ముద్ర కావాలి. సొరుగు తెరిస్తే ముద్ర అక్కడుంది.

"అందరూ చేస్తారు," అన్నాడు. "ఏప్రిల్‌లో వచ్చినవాటికి మార్చి తేదీ వేయడం. ఇది నేను కనిపెట్టింది కాదు."

"పాత తేదీ వేసినా, తర్వాత పరీక్షైనా చేయొచ్చుగా?" అంది ఉబుకత.

"పరీక్ష చేసే యంత్రం నెజు గారి చేతిలో ఉంది. అడిగితే ఎప్పుడొచ్చాయని అడుగుతారు. ఆయన అలాంటి మనిషి." మెడలోని కార్డు సరిచేసుకున్నాడు. "నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదండి. ఓడలు ఆగకూడదనే."

మధ్య తలుపు పూర్తిగా తెరుచుకుంది. నెజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన సెరిజవ వేపు చూడలేదు. తన కుడిచేతిని చూసుకుంటున్నాడు, ఎవరో అప్పు తీసుకుని తిరిగిచ్చిన వస్తువులా.

"అయితే నేను మర్చిపోలేదు," అన్నాడు. "ఆ పూట అసలు లేదు."

"లేదు నెజు గారూ," అంది ఉబుకత.

"ఒకటీ ఇరవై ఎనిమిది," అన్నాడు కుజె గడియారం చూసి. "రెండు నిమిషాలు మిగిలాయి. చెప్పడం నాకిష్టం లేదు కానీ, బాగుంది."

"రాసుకోండి, మళ్లీ ఎప్పుడంటారో ఏమో." ఆమె కెప్టెన్‌కివ్వాల్సిన కాగితం ముందుకు లాక్కుంది. "సెరిజవ గారూ, హరునగి ఇవాళ కదలదు. ఈ పన్నెండు వాల్వులూ ఊడదీయించి, నెజు గారి చేత..."

"ఏ పన్నెండు?" అన్నాడు సెరిజవ.

పెన్ను ఆగింది.

"లారీలో ఇరవై నాలుగొచ్చాయండి," అన్నాడు అతను, లెక్క తప్పు చెబితే సరిదిద్దే గుమాస్తాలా, యాంత్రికంగా. "సగం ఇక్కడివి. సగం మేలో అకినగికి బిగించారు. వాటి పత్రాలు ఓడతోపాటే వెళ్లాయి, అందుకే మీకు దొరకలేదు."

కుజె అప్పటికే ఫోను దగ్గరున్నాడు. నంబరు నొక్కుతుండగానే తలుపు తోసుకుని కెప్టెన్ ఇసాహయ వచ్చాడు. తలమీద టోపీ లేదు.

"రెండింటిదాకా ఆగలేను," అన్నాడు. "ఇప్పుడే అకినగి కబురు. వరసలో నాలుగో ఓడ ఇంజను గదిలో మంటలు. ఇరవై ఒక్క మంది ఉన్నారు అందులో. అకినగి పక్కకి వెళ్తోంది. పన్నెండు నిమిషాల్లో నీళ్లు కొట్టడం మొదలుపెడతారు. నేను బయల్దేరాలి, చెప్పండి..." అందరి ముఖాలూ చూసి ఆగాడు. "ఏమిటి?"

ఉబుకత రెండు వాక్యాల్లో చెప్పింది. కెప్టెన్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"అయిదు నెలల్లో వాళ్లు ఆ వరస వాడలేదా?"

"పక్క ఓడ తగలబడితేనే కదా దాని అవసరం," అన్నాడు నెజు. "విన్యాసాల్లో రెండు బార్లు పెట్టి గొట్టం తడిపి వదిలేస్తారు. పూర్తి ఒత్తిడి ఇవాళే మొదటిసారి."

"వద్దని చెప్పేస్తాను," అన్నాడు కుజె, ఫోను చెవికి ఆనించుకునే.

"వద్దంటే ఆ ఇరవై ఒక్క మంది?" అన్నాడు కెప్టెన్. "మొన్న ఇక్కడ తొమ్మిది దగ్గర పగిలింది. ఎనిమిదికి పట్టి ఉంచమంటే?"

సెరిజవ తల దించుకున్నాడు. ఉబుకత నెజు వేపు తిరిగింది. ఆయన చేతులు రెండూ కదలకుండా ఉన్నాయి.

"పద్నాలుగేళ్ల కిందట ఇదే కంపెనీ ఇదే అచ్చులో పోసినవి ముప్పై ఆరు పరీక్షించాను," అన్నాడు. "నవంబరు. వర్షం. మొదటిది తొమ్మిది దగ్గరే పోయింది. అందరం తొమ్మిదే హద్దనుకున్నాం. కాదు. ఇరవై రెండోది అయిదున్నరకి చీలింది. నాలుగున్నర దాటనివ్వద్దు."

"నాలుగున్నరతో నీళ్లు అంతదూరం పడవు."

"పడవు. ఓడని ఇంకా దగ్గరికి తీసుకెళ్లాలి. ముప్పై మీటర్ల లోపలికి. వేడి ఉంటుంది, ప్రమాదమే. పన్నెండు వాల్వుల దగ్గరా మనుషులెవ్వర్నీ నిలబెట్టొద్దని చెప్పండి."

కుజె నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకుంటున్నాడు. ఫోనులో అవతల గరగరమనే శబ్దం, తర్వాత ఒక గొంతు. అతను చేత్తో మౌత్‌పీసు మూసి, నెజుని చూశాడు. పొద్దుటి కరుకుతనం లేదు.

"నెజు గారూ, పొద్దున మీకేమీ గుర్తులేదన్నారు. ఇది ఖాయమేనా?"

"పొద్దున గుర్తులేనిది జరగనిది. ఇది జరిగింది."

"వాళ్లు అడుగుతారు, ఎవరు చెప్పారని. రాతలో ఉండాలి. ఎవరి పేరు మీద పంపను?" అతని కళ్లు ఒక్కసారి ఉబుకత మీదికి, కెప్టెన్ మీదికి తిరిగాయి. ఆ పేరు ఎవరిదైతే, ఇంకో తొమ్మిది నిమిషాల్లో జరగబోయేది వాళ్లదవుతుంది.

నెజు వంగలేదు. మన్నించమనలేదు.

"నేను పరీక్షించని వాల్వులవి," అన్నాడు. "అయినా నా పేరే రాయండి."